కనబడని డిస్కు - కారణమును వెదకు క్రమము

విద్యార్థులారా!

మన పాఠశాల పత్రిక పాత సంచికలను ఒకచోట చేర్చవలెనని మేము కొంతకాలము క్రిందట సంకల్పించితిమి. హోసూరు పరిసర గ్రామములలోని పూర్వ విద్యార్థుల ఇండ్లకు పోయి, అటకలమీది పెట్టెలు దింపించి, దొరికిన సంచికలను పుట పుటకు ఛాయాచిత్రములు తీసితిమి. ఆ తిరుగుటలోనే కొందరు అవ్వలు పాడిన సువ్వి పాటలను, పెండ్లి పాటలను, మేలుకొలుపులను గూడ ధ్వనిముద్రణ చేసితిమి. ఇదంతయు మూడు టెరాబైట్ల హార్డ్ డిస్కు ఒకదానిలో భద్రపరచితిమి. తరువాత సంచికలలో కొన్ని చెదల పాలైనవి. పాడిన అవ్వలలో ఇద్దరు కాలధర్మము చెందిరి. కాబట్టి ఆ డిస్కులో నున్నది మరియొకచోట లేదు. రెండవ ప్రతి తీయకుండుట మా తప్పు. ఆ తప్పునకు మేము పడిన ఆందోళనయే ఈ పాఠమునకు మూలము.

డిస్కును ఇముడ్చుకొన్న ప్లాస్టిక్ పెట్టెయందలి కేబుల్ రంధ్రము వదులైపోయినది. అందువలన డిస్కును పెట్టె నుండి వెలికి తీసి, క్రొత్తగా కొన్న డాక్‌లో నిలిపితిమి. డాక్ దీపము వెలిగినది. కంప్యూటరు తెరమీద మాత్రము ఏమియు రాలేదు.

"సార్, దీపం వెలుగుతూనే ఉంది గదా! మరి డిస్కు ఎందుకు కనబడటం లేదు?" అని తొమ్మిదవ తరగతి బాలిక అడిగినది.

"డిస్కు చచ్చిపోయినట్టుంది సార్" అని ప్రక్కనున్న బాలుడు తీర్పు చెప్పినాడు.

అడుగుట మంచిది. అడిగినదానికి జవాబు వెదకకముందే తీర్పు చెప్పుట మంచిది కాదు. కనబడనిదంతయు లేనిది కాదు. డిస్కునకును మన కంటికిని నడుమ అనేకములైన మెట్లున్నవి. ఏ మెట్టు తప్పినను డిస్కు కనబడదు. ఏ మెట్టు తప్పినదో కనుగొను విధమును ఇచట వివరింతుము.

డాక్ అనగా నేమి?

డాక్ అనునది పై భాగమున గాడి గల చిన్న పెట్టె. పెట్టెలో బిగింపని విడి డిస్కును ఆ గాడిలో నిలువుగా దింపవలెను. గాడి అడుగున రెండు చీలికలుగా లోహపు పలుకులుండును. ఏడు పలుకులు గల చిన్న భాగము సమాచారము కొరకును, పదునైదు పలుకులు గల పెద్ద భాగము విద్యుత్తు కొరకును ఏర్పడినవి. ఈ పద్ధతికి సాటా అని పేరు. డాక్ వెనుక ఒక యూ.ఎస్.బి. కేబుల్ కంప్యూటరునకు పోవును. మరియొక తీగ అడాప్టరు ద్వారా గోడలోని విద్యుత్తును తెచ్చును.

డిస్కు మాటలాడునది సాటా భాష. కంప్యూటరు కేబుల్‌లో మాటలాడునది యూ.ఎస్.బి. భాష. ఈ రెంటికిని నడుమ డాక్ లోపల ఒక చిన్న చిప్పు దుబాసీగా పనిచేయును. దుబాసీ యనిన మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, బస్సు దిగిన ఊరిలో కన్నడము మాటలాడు మన పిల్లలలో ప్రతివారును ఏదో యొకనాడు అవ్వకో తాతకో దుబాసీగా నిలిచినవారే. దుబాసీ నోరు తెరవకపోయినను, విన్న సంఖ్యను తప్పుగా చెప్పినను ఏమగునో మీకు తెలియును. ఈ పోలికను జ్ఞాపకముంచుకొనుడు. కథ చివర దీనితో పని కలదు.

వెదకుటకు మూడు ప్రశ్నలు

కనబడని డిస్కు విషయమున మూడు ప్రశ్నలను వరుసగా అడుగవలెను. మొదటిదానికి జవాబు దొరకకుండ రెండవదానికి పోరాదు.

ఒకటి: డిస్కు తిరుగుచున్నదా?
రెండు: డాక్ ఉన్న సంగతి కంప్యూటరునకు తెలిసినదా?
మూడు: తెలిసినచో, డిస్కులోని వ్రాతను అది సరిగా చదువుచున్నదా?

మరియొక నియమము: ఒక పర్యాయము ఒక వస్తువునే మార్చవలెను. కేబుల్‌ను, అడాప్టరును, కంప్యూటరును ఒక్కసారిగా మార్చి డిస్కు కనబడినచో, దోషము దేనిదో ఎన్నటికిని తెలియదు. మార్చినదానిని వెంటనే కాగితముపై వ్రాసికొనవలెను. మన రసాయనశాలలో పాటించు క్రమమే ఇది.

మొదటి ప్రశ్న: డిస్కు తిరుగుచున్నదా?

హార్డ్ డిస్కు లోపల అద్దమువలె నునుపైన పళ్ళెములు నిమిషమునకు సాధారణముగా 5400 లేక 7200 పర్యాయములు తిరుగును. డాక్ స్విచ్చి వేసిన వెంటనే డిస్కుపై వ్రేళ్ళను మెల్లగా ఆనించిన సన్నని అదురు తెలియును. చెవి దగ్గరగా పెట్టినచో వేగము పుంజుకొను ధ్వని వినబడును. చక్రములు లేని ఎస్.ఎస్.డి. రకమునకు ఈ పరీక్ష చెల్లదు.

మా డిస్కుపై వ్రేళ్ళుంచితిమి. అదురు లేదు. అనగా దీపము వెలుగుచున్నను డిస్కు తిరుగుట లేదు.

దీని కారణము విద్యుత్తులో నుండవచ్చును. బల్లమీది కంప్యూటరులలో వాడు మూడున్నర అంగుళముల డిస్కునకు రెండు రకముల విద్యుత్తు కావలెను. దాని మోటారునకు 12 వోల్టులు, లోపలి పలకకు 5 వోల్టులు. తిరుగుట మొదలుపెట్టు క్షణములందు 12 వోల్టుల తీగపై సుమారు రెండు ఆంపియర్ల వరకు లాగునట్టి డిస్కులు కలవు. సామాన్యమైన యూ.ఎస్.బి. రంధ్రము ఇచ్చునది 5 వోల్టులు మాత్రమే. పాత 2.0 పద్ధతిలో 0.5 ఆంపియరు, 3.0 పద్ధతిలో 0.9 ఆంపియరు దాని పరిమితి. గుణించి చూచిన రెండున్నర వాట్లు, నాలుగున్నర వాట్లు. కావలసినదో ఇరువది వాట్లకు పైమాట. అందువలననే డాక్‌కు వేరుగా అడాప్టరు నిచ్చెదరు. ల్యాప్‌టాపులలోని రెండున్నర అంగుళముల డిస్కులకు 5 వోల్టులే చాలును.

అడాప్టరు వీపుమీది చిన్న అక్షరములను బాలిక చేత చదివించితిమి. అవుట్‌పుట్ 9 వోల్టులు, 0.6 ఆంపియరు అని యున్నది! అది డాక్ అడాప్టరే కాదు. మూలపడిన ఇంటర్నెట్ రౌటరు తాలూకుది. రెండును నల్లనివి, రెంటి మొనయు ఒకే కొలతది, రెండును ఒకే అట్టపెట్టెలో పడియుండినవి. దీపమునకును దుబాసీ చిప్పునకును ఆ కొద్ది విద్యుత్తు చాలినది. మోటారునకు చాలలేదు.

ఇచట నేర్చుకొనవలసినది: మొన పట్టినంత మాత్రమున అడాప్టరు తగినది కాదు. వోల్టులు సరిగా సమానముగా నుండవలెను. ఆంపియర్లు వ్రాసినదానికంటె ఎక్కువయున్న బాధలేదు, తక్కువ కారాదు. మొనలో ధన ఋణముల గుర్తు గూడ సరిపోవలెను. మా అదృష్టము వలన పొరపాటు తక్కువ వోల్టుల వైపు జరిగినది. ల్యాప్‌టాపు అడాప్టరు వంటి 19 వోల్టులదానిని పెట్టియుండినచో డాక్‌తోబాటు డిస్కు గూడ మాడిపోయియుండును. ఇంటికి పోయి మీ అడాప్టరులన్నిటికి, ఏది దేనిదో తెలుపు కాగితపు చీటీని అంటించుడు.

డిస్కు తిరుగుచు, ఆగి ఆగి టిక్కు టిక్కు మని కొట్టుకొనుచున్నచో అది వేరు రోగము. లోపలి చదువు ముల్లు దెబ్బతిన్నదనుటకు అది గుర్తు కావచ్చును. వెంటనే స్విచ్చి తీసివేయవలెను. మరల మరల ప్రయత్నించిన కొలది పళ్ళెములమీద గీతలు పడును. మూత విప్పుట అంతకంటె ప్రమాదము. లోపల పడిన ధూళికణమొక్కటి చాలును. అట్టిదానిని సమాచారము వెలికితీయు నిపుణులకే అప్పగింపవలెను.

రెండవ ప్రశ్న: కంప్యూటరునకు డాక్ సంగతి తెలిసినదా?

సరియైన 12 వోల్టుల అడాప్టరును వెదకి పెట్టితిమి. డిస్కు తిరిగినది. కంప్యూటరు గంట కొట్టినది. కాని అందరికిని ఇంత సులభముగా జరుగదు. గంట మ్రోగనిచో ఈ క్రమమున చూడవలెను.

డాక్ స్విచ్చి తీసి, డిస్కును పైకి తీసి, మరల నిటారుగా అడుగంట దింపి, అప్పుడు స్విచ్చి వేయుడు. వెలుగుచున్న డాక్‌లో క్రొత్తగా దింపిన డిస్కును గుర్తింపని డాక్‌లు కొన్ని కలవు. కంప్యూటరు నిద్రించి లేచిన తరువాత డాక్ మేల్కొననిచో, దానిని అరనిమిషము ఆర్పి వెలిగించినచో తరచుగా చక్కబడును.

పిదప కేబుల్. ఫోనులకు చార్జి చేయుటకు మాత్రమే పనికివచ్చు కేబుళ్ళలో సమాచారపు తీగలే యుండవు. కావున డాక్‌తో వచ్చిన కేబుల్‌నే వాడవలెను. పిదప రంధ్రము. కంప్యూటరు ముందువైపు రంధ్రములను, ఒకదానిని నాలుగుగా చీల్చు హబ్బులను విడిచి, వెనుకవైపున మూలపలకకే నేరుగా అతికియున్న రంధ్రమున పెట్టుడు. పిదప మరియొక కంప్యూటరు. అక్కడ కనబడినచో డిస్కును డాకును నిర్దోషులు, దోషము మొదటి కంప్యూటరుది.

విండోసు కంప్యూటరులో డివైస్ మేనేజరు అను పట్టికను తెరచి, డాక్ స్విచ్చి వేయుచు ఆర్పుచు చూడుడు. పట్టిక కదలినచో దుబాసీ మాటలాడుచున్నాడని అర్థము. పసుపు రంగు గుర్తు పడినచో ఆ పేరును తొలగించి, డాక్‌ను విప్పి మరల తగిలించిన, కంప్యూటరు దానిని క్రొత్తగా నమోదు చేసికొనును. లైనెక్సు వాడువారు 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' అను ఆజ్ఞతో డిస్కుల పట్టికను చూడవచ్చును.

మూడవ ప్రశ్న: వ్రాతను సరిగా చదువుచున్నదా?

గంట మ్రోగినందులకు మేము సంతసించుచుండగనే తెరపై ఒక ప్రశ్న వచ్చినది. ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయమందురా? అని దాని భావము. క్రింద రెండు గడులు. బాలుని వ్రేలు అప్పటికే ఒప్పుకొను గడిపై నున్నది.

"ఆగు నాయనా!" అంటిమి.

ఫార్మాట్ అనగా పలకను తుడిచి క్రొత్త గీతలు గీయుట. కంప్యూటరునకు తెలియనిది ఖాళీగా తోచును. తనకు చదువ రాని లిపిలో నున్న తాళపత్రమును చూచి, ఇది ఉత్త ఆకు, పొయ్యిలో వేయుదునా? అని అడుగు సేవకుని వంటిది అది. అడుగుట దాని ధర్మము. వద్దనుట మన ధర్మము. డిస్కులో విలువైనది కలదని ఎరిగినవారు ఈ ప్రశ్న వచ్చినపుడు వద్దు అను గడినే నొక్కవలెను. 'ఇనీషియలైజ్' అను మాట కనబడినను అంతే. దోషములను సరిచేయుదునను 'చెక్ డిస్క్' వంటి ఉపకరణమును గూడ అప్పుడే నడుపరాదు. అది డిస్కుపై వ్రాయును. కారణము తెలియనంతవరకు చదువుటయే గాని వ్రాయుట కూడదు.

వద్దని చెప్పి, డిస్క్ మేనేజ్‌మెంట్ అను పటమును తెరచితిమి. దానిలో ప్రతి డిస్కును ఒక పట్టీగా కనబడును. సామాన్యముగా ఇచట మూడు సంగతులు బయటపడును. డిస్కు ఆఫ్‌లైన్ అని యున్నచో ఆన్‌లైన్ చేసిన చాలును. విభాగము చక్కగా నుండి దానికి అక్షరము మాత్రము లేనిచో ఒక అక్షరము నిచ్చిన వెంటనే కనబడును. ఈ రెంటివలన లోపలి సమాచారమునకు హాని లేదు. మూడవది, ఆపిల్ లేక లైనెక్సు కంప్యూటరులలో సిద్ధపరచిన డిస్కు. దానిని విండోసు చదువలేదు. ఆ జాతి కంప్యూటరుననే తెరవవలెను.

మాది ఈ మూటిలో ఏదియు గాదు. పటములో డిస్కు మొత్తము 2794 జీబీ అని చూపినది. మూడు టెరాబైట్ల డిస్కును విండోసు లెక్కించు తీరున అది సరియే. కాని దానిలోని మన విభాగము 349 జీబీ మాత్రమే, మిగిలినదంతయు ఖాళీ అని చూపినది. మేము మొత్తము డిస్కును ఒకే విభాగముగా చేసియుంటిమి.

"2794ను 349తో భాగింపుము" అని బాలికతో అంటిమి.

"ఎనిమిది సార్! దాదాపు సరిగ్గా ఎనిమిది."

ఆ ఎనిమిదియే తాళపుచెవి. డిస్కులోని స్థలమును చిన్న చిన్న గడులుగా లెక్కింతురు. చిరకాలము గడికి 512 బైట్లుండెడివి. డిస్కు మొదట నుండు పాత పద్ధతి విషయసూచికలో గడి సంఖ్యను వ్రాయుటకు 32 బిట్ల చోటు మాత్రమే కలదు. అందు పట్టు సంఖ్యలు సుమారు 429 కోట్లు. 512తో గుణించిన సుమారు 2.2 టెరాబైట్లు. అంతకు మించిన డిస్కు ఆ సూచికలో ఇముడదు. పాత డాక్‌లు కొన్ని రెండు టెరాబైట్లకు మించిన డిస్కులను సరిగా చూపలేకపోవుటకు గూడ ఈ 32 బిట్ల లెక్కయే కారణము. ఈ ఇబ్బందిని తప్పించుటకు కొన్ని పెట్టెలలోని దుబాసీ చిప్పులు ఎనిమిది గడులను కలిపి ఒకటిగా, అనగా గడికి 4096 బైట్లుగా, కంప్యూటరునకు చెప్పును. మా పాత పెట్టె అట్టిది. క్రొత్త డాక్ దుబాసీ మాత్రము గడికి 512 బైట్లనే చెప్పినది.

ఫలితము చూడుడు. మన విభాగము 256వ గడి యొద్ద మొదలగునని సూచికలో నున్నదనుకొందము. పాత లెక్కలో 256ను 4096తో గుణింపగా 10,48,576వ బైటు. క్రొత్త లెక్కలో 256ను 512తో గుణింపగా 1,31,072వ బైటు. కంప్యూటరు ఆ తప్పు చోటికి పోయి చూచి, ఇచట ఏమియు లేదని చెప్పినది. అవ్వ వీసెలలో చెప్పిన లెక్కను దుబాసీ కిలోలుగా విన్నట్లున్నది. పాటలు, సంచికలు అన్నియు ఉన్నచోటనే యున్నవి. చిరునామా మాత్రమే తప్పినది.

ఇక చేయవలసినది తేలిపోయినది. పాత పెట్టెలోని చిప్పు పలకను మరమ్మతు చేయువానికి ఇచ్చి, వదులైన రంధ్రమునకు క్రొత్తగా టంకము వేయించి, డిస్కును దానికే మరల తగిలించితిమి. ఈ పర్యాయము తెరపై ఏ ప్రశ్నయు రాలేదు. సంచికల పేర్లు వరుసగా కనబడినవి. మొదటగా ఒక పాటను తెరచితిమి. కీర్తిశేషురాలైన అవ్వ గొంతు గదిలో వినబడినది. తీర్పు చెప్పిన బాలుడు తల వంచుకొని చాలసేపు మాటలాడలేదు. ఆమె అతని నాయనమ్మ.

ఆనాడే వేరు పని పెట్టుకొనక, అంతయు రెండు క్రొత్త డిస్కులకు ఎత్తి వ్రాసితిమి.

తల్లిదండ్రులకు మనవి

మీ ఇండ్లలోను ఇట్టి డిస్కులున్నవి. పెండ్లి చిత్రములు, పెద్దల గొంతులు, భూముల కాగితముల నకళ్ళు వానిలో నుండును. పెట్టె పాడైనదని డిస్కును పారవేయకుడు. డిస్కు పాతదైనదని పెట్టెను పారవేయకుడు. అంగడివాడు ఫార్మాట్ చేసిన బాగగునని చెప్పినచో, లోపలిది మీకు కావలెనో అక్కరలేదో ముందు చెప్పుడు. రెండు గాడులు గల కొన్ని డాక్‌లలో ఒక డిస్కును మరియొకదానికి నకలు చేయు మీట యుండును. దానిని తెలియక నొక్కినచో రెండవ గాడిలోని డిస్కు సమాచారము చెరగిపోవును. ఆ మీటకు పిల్లలను దూరముగా నుంచుడు.

అన్నిటికంటె ముఖ్యము, ప్రతి విలువైనదానికిని రెండు ప్రతులుండవలెను. అవి రెండు ఇండ్లలో నుండవలెను. సంవత్సరమునకొకసారి రెంటిని తెరచి చూడవలెను. పట్టణపు పెద్ద గ్రంథాలయములలో దొరకు పుస్తకము పోయినచో మరియొకటి తెచ్చుకొనవచ్చును. మన ఊళ్ళ తెలుగు పాటయు, మన బడి పత్రికయు పోయినచో తెచ్చుకొనుటకు వేరొక చోటు లేదు.

విద్యార్థులారా! దీపము వెలుగుచున్నదని అంతయు బాగున్నదనుకొనరాదు. తెర ఖాళీగా నున్నదని అంతయు పోయినదనుకొనరాదు. వరుసగా అడుగుడు, ఒక్కొక్కటిగా మార్చుడు, తుడుపుటకు తొందరపడకుడు.

అభ్యాసము

1. డాక్ దీపము వెలిగినను డిస్కు తిరుగకుండుటకు కారణమేమి? మీ ఇంటిలోని మూడు అడాప్టరుల వోల్టులను, ఆంపియర్లను వ్రాసి, ఒక్కొక్కటి ఎన్ని వాట్లు ఇచ్చునో లెక్కింపుడు.

2. సెకనుకు 100 మెగాబైట్ల వేగమున 900 గిగాబైట్లను ఎత్తి వ్రాయుటకు ఎంతకాలము పట్టును? గిగాబైటును 1000 మెగాబైట్లుగా తీసికొనుడు.

3. ఫార్మాట్ చేయమందురా అని కంప్యూటరు అడిగినపుడు మీరు మొదట ఏమి చేయుదురు? ఎందువలన?

4. ఒకే పర్యాయము రెండు వస్తువులను మార్చుటవలన కలుగు నష్టమును, మీ సొంత అనుభవము నుండి ఒక ఉదాహరణముతో వివరింపుడు.

5. మీ ఇంటిలోని పెద్దలకు తెలిసిన పాట నొకదానిని ధ్వనిముద్రణ చేసి, రెండుచోట్ల భద్రపరచి, ఆ రెండు చోట్లను మీ ఉపాధ్యాయులకు తెలుపుడు.